జమునాబాయి దిద్దమన్న ఒక్క మాట

ఆ వార్త నాకు కూరగాయల మార్కెట్లో తెలిసింది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో ఫోను. "సారూ, టీచరమ్మ పోయింది" అంది అవతల తండా నుంచి సేవంతి. నేను కొత్తిమీర కట్ట సంచిలో వేసుకుంటూ "ఏ టీచరమ్మ?" అన్నాను.

సేవంతి మెల్లగా చెప్పింది. "మన జమునాబాయి టీచరమ్మ సారూ. పొద్దుగాల ఛాతీల నొస్తుందన్నది. ఈడ దవాఖానల చూపిస్తె నిజామాబాదు తీసుకపొండ్రి అన్నరు. దారిలనే పానం పోయింది."

సంచి కింద పెట్టి పక్కనున్న దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను. దిగ్భ్రాంతి అనే మాటను నేను ఎన్నో సంతాప సభల్లో ధారాళంగా వాడినవాణ్ణి. ఆ పూట అది నన్నే పట్టుకుంది. అయితే దాంట్లో సగం మాత్రమే ఆమె మరణం వల్ల కలిగింది. మిగతా సగం నా నోటి నుంచి వచ్చిన ఆ ప్రశ్న వల్ల. నస్రుల్లాబాద్ దిక్కు తండాల్లో ఏ పసిపిల్లను అడిగినా టీచరమ్మ అంటే ఒక్కరే. ముప్పై ఏళ్లకు పైగా ఆమెతో కలిసి పనిచేసిన నాకు మాత్రం ఆ మాట ఆమెను ఉద్దేశించి అన్నదని తోచలేదు. నేను ఏనాడూ ఆమెను అలా పిలవలేదు. నాకు ఆమె "బాయి". "బాయీ, ఆ పెట్టె ఇటు తే." "బాయీ, తలుపులు వేసెయ్." అంతే.

నేను భౌతికశాస్త్రం చెప్పిన కాలేజీలో ఆమె ప్రయోగశాల సహాయకురాలు. మొదట ఊడ్చే పనికి వచ్చింది. చదువు ఏడో తరగతి. తండాలో పుట్టి, ఇంట్లో తమ లంబాడీ భాష, బయట తెలుగు మాట్లాడుతూ పెరిగిన మనిషి. ఊడుస్తూ ఊడుస్తూ బల్లల మీది పరికరాల పేర్లు నేర్చుకుంది. తర్వాత ఏది ఎక్కడ కలపాలో నేర్చుకుంది. నాలుగైదేళ్లు గడిచేసరికి, పిల్లలు రాకముందే ప్రతి బల్ల మీద వైర్లు కలిపి, బ్యాటరీ చూసి, అమ్మీటరు ముల్లు సున్నా దగ్గర నిలిచిందో లేదో వంగి చూసి సిద్ధం చేసి ఉంచేది. నేను చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి పాఠం చెప్పేవాణ్ణి. పాఠం బాగా చెప్తానని నాకు పేరు.

ఆమె కార్యదీక్షను గురించి ఒక సంగతి చెప్పాలి. ఒకసారి ప్రాక్టికల్ పరీక్షలకు ముందు, పిల్లల రికార్డుల్లో గ్రాఫులు వంకరటింకరగా వస్తున్నాయని, ఏ అంకెలు వేస్తే గీత తిన్నగా వస్తుందో నేనే బోర్డు మీద రాసి ఇచ్చాను. మా వృత్తిలో ఇది పెద్ద తప్పుగా ఎవరూ అనుకోరు. పిల్లలు వెళ్లిపోయాక జమునాబాయి బోర్డు తుడవకుండా దాని ముందు నిలబడింది.

"సారూ, ముల్లు గాడికి రానే రాలేదు గద."

"ఎక్కడికి?"

"గీ అంకెకు. బ్యాటరీ దిగింది. ముల్లు సగంలనే ఆగుతుంది. ముల్లు ఏడ నిలబడితె గాడనే రాయాలె గద సారూ."

నేను నవ్వి "నువ్వే చెప్పు ఇక పాఠం" అన్నాను. పరీక్ష రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒక పిల్లవాడి రికార్డు చూసి, అదే ప్రయోగం మళ్లీ చేయమన్నాడు. ముల్లు ఆమె చెప్పినట్టే సగంలో ఆగింది. ఎగ్జామినరు నావైపు తిరిగేలోగా జమునాబాయి ముందుకొచ్చి "బ్యాటరీ నేను చూసుకోలేదు సారూ, నాదే తప్పు" అంది. నిజానికి కొత్త బ్యాటరీ కావాలని నెల ముందే ఆమె చీటీ రాసిచ్చింది. ఆ చీటీ నా మేజా సొరుగులోనే ఉంది. ముల్లు విషయంలో వెంట్రుకంత తేడా ఒప్పుకోని మనిషి, తన మీద నింద వేసుకోవడానికి మాత్రం వెనకాడేది కాదు. ఆ రోజు నేను ఊపిరి పీల్చుకున్నానే తప్ప ఆమెకు కృతజ్ఞత చెప్పినట్టు గుర్తు లేదు.

మేమిద్దరం ఏడాది తేడాతో రిటైరయ్యాం. నేను బాన్సువాడలో ఇల్లు కట్టుకుని, బీర్కూర్ దగ్గర మాకున్న వరిపొలం చూసుకుంటూ, సభల్లో మాట్లాడుతూ కాలం గడపసాగాను. ఆమె తండాకు వెళ్లింది. వెళ్లిన మొదటి ఎండాకాలమే అక్కడ ఒక బోరు మోటరు ఆగిపోయింది. మోటరు ఆగితే మగవాళ్లు దాన్ని ఆటోలో వేసుకుని పట్నానికి తెస్తారు. మెకానిక్కు దొరికేదాకా రెండు మూడు రోజులు ఇక్కడే తిరుగుతారు. అవతల పొలానికి నీళ్లు కట్టే ఆడవాళ్లు ఎండుతున్న మడి గట్టున కూర్చుని ఎదురుచూస్తారు. జమునాబాయి మోటరు విప్పనివ్వలేదు. స్టార్టరు డబ్బా మూత తీసి, మీటరు పెట్టి చూసి, వదులైన వైరు ఒకటి బిగించింది. నీళ్లొచ్చాయి. గట్టు మీది ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగారు. "నీళ్లు కట్టేది మీరు. మోటరుకు ఏమయిందో మీకు ఎరుక లేకపోతె ఎట్ల?" అని ఆమె వాళ్లను అడిగిందట.

అలా మొదలైంది ఆ శిక్షణ కేంద్రం. బాన్సువాడ మార్కెట్ వెనక సందులో ఒక షట్టరు గది కిరాయికి తీసుకుంది. తండాల ఆడపిల్లలు, కోడళ్లు కూలిపని ముగించుకుని మధ్యాహ్నం బస్సుకు వచ్చేవాళ్లు. కరెంటు సంగతి, మోటరు వైండింగ్, సోలార్ పలకలు, కొలతలు, లెక్కలు, ఆ తర్వాత కొంచెం కంప్యూటరు. ఆమె బోధన పద్ధతి అనన్యసామాన్యం. ఏ సంగతైనా మొదట తమ ఇంటి భాషలో చెప్పేది. తర్వాత తెలుగులో. ఇంగ్లీషు పేరు చిట్టచివర. ముందు చేత్తో చేయించేది, ఆ తర్వాతే నోటితో చెప్పించేది. "చేతికి వచ్చినంక నోటికి గదే వస్తది" అనేది. తొలి జట్టులో వచ్చిన కోడలే సేవంతి. పెళ్లయి ఆ తండాకు వచ్చేనాటికి పదో తరగతి చదివింది. పుట్టింట్లో సైకిలు పంక్చరు కూడా తానే వేసుకునేదని జమునాబాయి గొప్పగా చెప్పుకునేది.

అప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. శాస్త్ర సాంకేతిక రంగాల్లో కనిపించని వర్గాల ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చేవాళ్లకు ఒక ధర్మసంస్థ నిధులు ఇస్తోందని ఎవరో చెప్పారట. దరఖాస్తు రాసివ్వమంది. రాశాను. నిజం చెప్పాలంటే ఆనందంగా రాశాను. సాధికారత, సమ్మిళితం, సమానావకాశం అని పెద్ద పెద్ద మాటలు పేర్చాను. నిధులు వచ్చాయి. మంచి మీటర్లు, టంకం పెట్టే సామాను, రెండు కంప్యూటర్లు కొన్నది. షట్టరు మీద బోర్డు పెట్టించి, నన్ను పిలిచి, సలహాదారు అని నా పేరు ఆమె పేరు కంటే పైన రాయించింది. నేను వద్దనలేదు.

మొదటి ఏడు గడిచాక సంస్థ తరఫున ఒక అధికారి వచ్చి చూస్తారు, స్థానికంగా ఉండే విషయ నిపుణుడు ఒకరు శిక్షణార్థులను ప్రశ్నలడిగి నివేదిక రాయాలి, దాన్నిబట్టి మరో మూడేళ్లకు నిధులు ఇవ్వాలో లేదో తేలుస్తారు. ఇదీ నియమం. నిపుణుడిగా నా పేరే ఖాయమైంది. దరఖాస్తు రాసినవాడే పరీక్ష చేయడమేమిటని సంస్థవాళ్లకు అనిపించలేదు. నాకు అంతకన్నా అనిపించలేదు.

ఆ రోజును ఘనంగా జరపాలనుకున్నాను. తండా నాయకుణ్ణీ, పిల్లల ఇళ్లలోని పెద్దమనుషులనూ స్వయంగా పిలిచాను. ముందు వరసలో వేయడానికి కుర్చీలు తెప్పించాను. జమునాబాయి ఆ కుర్చీలు చూసి నా దగ్గరికి వచ్చింది.

"సారూ, పెద్దమనుషులు వద్దు. పిల్లలు మాట్లాడరు."

"పెద్దలు లేకుండా సభేంది బాయీ? గౌరవంగా ఉండదు."

"గౌరవం గాదు సారూ, జర ఇనుండ్రి..."

నేను వినలేదు. అధికారి కారు వస్తోందని ఎదురువెళ్లాను.

ఆ అధికారి సౌమ్యురాలు. పిల్లలు చేసిన పనులు బల్ల మీద పరిచి ఉంటే ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత నా వంతు. మూడు ఫేజుల మోటరుకు ఒక ఫేజు పోతే ఏమవుతుంది, ఎందుకు అవుతుంది అని అడిగాను. మొదట సేవంతిని. ఆమె లేచి నిలబడి కొంగు తల మీదికి లాక్కుని నేల చూపులు చూసింది. మళ్లీ అడిగాను. మాట లేదు. పక్క పిల్లను అడిగాను. ఆ పిల్లా అంతే. వరసగా అందరూ నిలబడ్డారు, అందరూ తలలు దించుకున్నారు. అధికారి నా ముఖం వైపు చూసింది. దరఖాస్తులో నేను పేర్చిన పెద్ద మాటలన్నీ నా నెత్తి మీద పడ్డట్టయింది.

"సారూ, మోటరు ముంగట పెట్టండ్రి, చేసి చూపిస్తరు" అంది జమునాబాయి వెనక నుంచి.

"ముందు సిద్ధాంతం చెప్పాలి కదా" అన్నాను కోపంగా. మా ఇంట్లో అధికారికి భోజనం సిద్ధమై ఉంది, వేళ మించిపోతోంది. ఆ మోటరు ఎవరూ ముందుకు తేలేదు. నివేదికలో 'శిక్షణార్థుల అవగాహన' అని ఒక గడి ఉంది. భోజనాలయ్యాక అందులో ఇలా రాసి సంతకం పెట్టాను: "అడిగిన ప్రాథమిక ప్రశ్నలకు శిక్షణార్థులు సమాధానం చెప్పలేకపోయారు."

మూడో నాడు జమునాబాయి మా ఇంటికి వచ్చింది. నివేదిక నకలు ఆమెకూ ఒకటి ఇచ్చారు. మడతపెట్టి కొంగులో చుట్టి తెచ్చింది. నేను వరండాలో పేపరు చదువుతూ ఉన్నాను. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోమని అనలేదు. అనాలని కూడా తోచలేదు. ఆమె నిలబడే మాట్లాడింది.

"సారూ, సేవంతి మామ ముందటి కుర్చీల కూసున్నడు. మా తండాలల్ల కోడలు మామ ముంగట నోరు తెరవది. మామ వరసైనోళ్ల ముంగట గూడ అంతే. అందరి పిల్లలది గదే కత."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పిన సారూ. పెద్దమనుషులు వద్దంటి గద."

అవును, చెప్పింది. నాకు గుర్తొచ్చింది. ఆమె కాగితం మడత విప్పి, ఆ వాక్యం కింద గోటితో గీటు పెట్టింది.

"మొత్తం మార్చుడు వద్దు సారూ. గీ ఒక్క మాట. 'చెప్పలేకపోయారు' తీసేసి 'చెప్పలేదు' అని పెట్టుండ్రి. వాళ్లు చెప్పలేదు, గది నిజమే. చెప్పరాక గాదు."

ఇప్పటికి ఎన్నిసార్లు ఆ మాటను తలచుకున్నానో లెక్క లేదు. ఆమె అబద్ధం రాయమనలేదు. పిల్లలకు అంతా వచ్చని రాయమనలేదు. నిజంగా జరిగినదానికి ఏ క్రియాపదం సరిపోతుందో అది పెట్టమంది. ముప్పై ఏళ్లు మీటరు ముందు వంగి చూసిన మనిషి అడగవలసిన మాటే అడిగింది. నాకు మాత్రం ఏడో తరగతి చదివిన లాబు బాయి నా తెలుగు దిద్దుతోందని తోచింది. ఈ మాట రాస్తుంటే చెయ్యి వెనక్కి గుంజుతోంది, అయినా రాస్తున్నాను.

"నాకు తెలుగు నేర్పుతున్నావా బాయీ? సంతకం పెట్టినంక మార్చేది ఉండదు" అన్నాను.

ఆమె కాగితాన్ని మళ్లీ మడతలు పెట్టింది. "ముల్లు ఏడ నిలబడితె గాడనే గద సారూ" అని మెల్లగా అని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. ఆమె గేటు దాటేలోగానే ఆమె మాట సరైనదని నాకు తెలుసు. పిలిచి ఉండవచ్చు. పేపరు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

నిధులు ఆగిపోయాయి. పట్నంలో షట్టరు ఖాళీ చేసింది. సామానంతా తండాలో తన ఇంటి ముందు రేకుల కిందికి మార్చింది. వేరే ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు బస్సు కుదరక మానేశారు. బిచ్కుంద దిక్కు నుంచి వచ్చే ఇద్దరు పిల్లల్లో ఒకరికి పెళ్లి చేసేశారని, ఇంకొకరు పత్తి ఏరడానికి పోతున్నారని విన్నాను. నేను ఒక్క ఉత్తరం రాస్తే చాలు. ఆ రోజు కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో, వాళ్లను కూర్చోబెట్టింది ఎవరో రాస్తే అధికారి మళ్లీ వచ్చి చూసేది. కానీ అలా రాస్తే తప్పు నాదని నా సంతకంతోనే ఒప్పుకోవాలి. సభల్లో ముందు వరసలో కూర్చునేవాడికి అది కష్టం. అలా రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లూ నేను నిజం చెప్పలేదు.

అంతకన్నా సిగ్గుపడవలసింది ఇంకొకటి ఉంది. పోయిన వానాకాలం నాట్ల సమయంలో బీర్కూర్ దగ్గర మా పొలంలో మోటరు ఆగింది. పట్నంలో మెకానిక్కులెవరూ దొరకలేదు. అందరికీ అదే గిరాకీ వేళ. నారు ముదిరిపోతోందని మా జీతగాడు మొత్తుకుంటున్నాడు. దిక్కుతోచక, సిగ్గు చంపుకుని జమునాబాయికే ఫోను చేశాను. "ఫికర్ జెయ్యకుండ్రి సారూ, సేవంతిని తోలిస్త" అంది. గంటన్నరలో సేవంతి బస్సు దిగి, గట్ల వెంబడి నడిచి వచ్చింది. భుజాన సంచి, సంచిలో మీటరు. స్టార్టరు మూత తీసి మూడు చోట్ల కొలిచి చూసింది. నేను ఏమీ అడగలేదు. తనే చెప్పింది.

"ఒక ఫేజు పోయింది సారూ. మూడు ఫేజులు ఉంటేనే మోటరు తిరుగుడు మొదలువెడతది. రెండే ఉంటె తిరగది, గూఁ అని మూలుగుతది. తిరగక కరెంటు మస్తు గుంజుకుంటది, వేడయితది. మీ మనిషి బటన్ గట్లనే ఒత్తి పట్టుకుంటె వైండింగ్ కాలిపోతుండె. జర్రంతల బతికింది."

రెండేళ్ల కిందట నేను అడిగిన ప్రశ్నకు అదే సమాధానం. నా పొలం గట్టు మీద, నా మోటరు ముందు, ఒక్క మాట తడబడకుండా. నేను దానికి మార్కులు వేయాల్సి వస్తే ఒక్కటి కూడా తగ్గించలేను. పోల్ మీద ఫ్యూజు లైన్‌మన్‌తో వేయించి, మోటరు నడిపించి, మా ఇంట్లో ఇచ్చిన చాయ్ తాగి ఆమె వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. తేదీ వేశాను. తర్వాత ఎవరో వచ్చారు, లేచాను. ఆ కాగితం మీద ఆ తేదీ ఒక్కటే ఉండిపోయింది.

జమునాబాయి మాత్రం ఈ సంగతి మళ్లీ ఎత్తలేదు. బస్టాండులో కనబడితే "నమస్తే సారూ, పానం మంచిగుందా? అమ్మ మోకాళ్ల నొప్పులు తక్కువైనయా?" అని అడిగేది. మా ఆవిడ మోకాళ్ల సంగతి మా బంధువులకన్నా ఆమెకే ఎక్కువ గుర్తు. నేను ముక్తసరిగా జవాబు చెప్పి, బస్సు రాకపోయినా వచ్చినట్టే అటు నడిచేవాణ్ణి. ఆమె ముఖంలో కోపం కోసం వెతికేవాణ్ణి. ఉంటే నాకు తేలికగా ఉండేది. పక్కన పిల్లలు ఉంటే వాళ్లకు నన్ను చూపించి "సారు మాకు ఫిజిక్సు చెప్పేటోడు. మస్తు చెప్తడు" అని పరిచయం చేసేది.

పదో రోజున తండాలో ఆమె ఇంటి ముందు, ఆ రేకుల కిందే సంతాప సభ పెట్టారు. నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. లేచి అలవాటు ప్రకారం మాట్లాడాను. నిరాడంబరమూర్తి అన్నాను, నిష్కామకర్మ అన్నాను, ఆమె లేని లోటు పూడ్చలేనిది అన్నాను. అన్నీ నిజాలే. విన్నవాళ్లు చప్పట్లు కొట్టబోయి, సంతాప సభ అని గుర్తొచ్చి ఆగారు. తర్వాత సేవంతి మాట్లాడింది. ఈసారి ఆమె మామ అందరి వెనక, చివరన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయనే అలా నిలబడ్డాడట, కోడలు మాట్లాడాలని.

"మా టీచరమ్మ మాకు అన్ని నేర్పింది" అంది సేవంతి. "ఒక్కసారే తప్పు చేసింది. పైసలు ఆగిపోయిన దినం మమ్మల్ని కూసోబెట్టి ఏడ్సింది. 'కాగితం నింపంగ నేనే ఏదో తప్పు రాసిన బిడ్డా, గందుకే ఆగినయి, మీ తప్పు ఏం లేదు' అన్నది. మా టీచరమ్మకు కాగితాలు రాయరాకపోవచ్చు. గానీ గసొంటి మనిషి మాకు మళ్ల దొరకది."

వాళ్లెవరికీ నా నివేదిక తెలియదు. ఆమె కొంగులో చుట్టుకుని తెచ్చిన ఆ నకలు వాళ్లకు చూపలేదు. బ్యాటరీ తప్పు తనదని ఎగ్జామినరు ముందు చెప్పినట్టే, ఇదీ తన మీద వేసుకుంది. పిల్లలు తమకు ఏమీ రాలేదనుకోకూడదు, వాళ్ల సారు మీద గౌరవం పోకూడదు. రెండింటికీ కలిపి తాను చదువురాని మనిషినని ఒప్పుకుంది. ప్రతి అంకెనూ మూడుసార్లు చూసుకునే మనిషి, కాగితం నింపడం రానిదిగా పిల్లల మనసుల్లో మిగిలిపోయింది. అప్పుడు నేను లేవాలి. లేచి, ఆ కాగితం రాసింది నేను అని చెప్పాలి. నా కుర్చీ కదిలింది కూడా. పక్కనున్న పెద్దమనిషి మంచినీళ్లు కావాలా అని అడిగాడు. కావాలన్నాను.

సభ అయ్యాక సేవంతి వచ్చి చేతులు జోడించింది. "సారూ, టీచరమ్మ మీద మీరు మంచిగ నాలుగు పేజీలు రాయండ్రి. చిన్న పుస్తకం అచ్చేస్తం. మాకు గట్ల రాయరాదు, మీకే వస్తది." అందుకే ఈ వ్యాసం. మొదట రెండుసార్లు నేను లేకుండా ఆమెను గురించి రాయబోయాను. కుదరలేదు, చించేశాను. మూడోసారి ఇలా వచ్చింది. దీనితో పాటు సంస్థకూ ఉత్తరం రాశాను. నా నివేదికలో ఫలానా వాక్యంలో ఫలానా మాట తప్పు, తప్పు నాది, పిల్లలను మోటరు ముందు నిలబెట్టి మళ్లీ చూడండి, చూసేటప్పుడు ముందు వరసలో పెద్దమనుషులను కూర్చోబెట్టకండి, నన్ను అసలే కూర్చోబెట్టకండి అని. ఇంతవరకు జవాబు రాలేదు. వస్తుందో రాదో తెలియదు.

అచ్చుకు ఇచ్చేముందు ఈ వ్యాసం వాళ్లకు చదివి వినిపించడం న్యాయమనిపించింది. తండాకు వెళ్లాను. రేకుల కింద నలుగురు పిల్లలు, సేవంతి. కుర్చీ తెచ్చారు. వద్దని బల్ల మీద కూర్చున్నాను. మార్కెట్లో "ఏ టీచరమ్మ?" అన్న చోటి నుంచి చదువుకుంటూ వచ్చాను. కుర్చీల సంగతి వచ్చినప్పుడు ఒక పిల్ల పని ఆపి తలెత్తింది. నివేదిక వాక్యం దగ్గర సేవంతి చేతిలో ఉన్న మీటరును ఒళ్లో పెట్టుకుని వింటోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నా కోసం కావు.

చదువుతూ "ఆ రెండేళ్లూ నేను నిజం చెప్పలేకపోయాను" అన్న వాక్యం దగ్గరికి వచ్చాను. మొదటి రాతలో అలాగే రాశాను.

"సారూ, ఆగుండ్రి" అంది సేవంతి. "గాడ తప్పు పడ్డది."

"ఎక్కడ?"

"చెప్పలేకపోయిన గాదు సారూ. మీ ముంగట మామ ఎవ్వలు కూసోలేదు గద. చెప్పలేదు."

గొంతు పెంచలేదు. మోటరు దగ్గర లోపం చూపించినప్పుడు ఎలా చెప్పిందో అలాగే చెప్పి, నా ముఖంలోకి చూసింది. కలం తీసి అక్కడే, ఆమె చూస్తుండగా ఆ మాట కొట్టేసి ఆమె చెప్పినట్టు దిద్దాను. పైన మీరు చదివింది దిద్దిన వాక్యం. దిద్దమన్నది ఆ పిల్ల. ఆ పిల్లకు అలా చూడడం నేర్పింది నేను కాదు.

జమునాబాయి టీచరుగారూ, మీరు అడిగిన మాట దిద్దాను. మీరు చూడలేదు. నమస్కారం.